పిల్ల నన్ను ‘మా’ అంటోంది, ‘అమ్మ’ అనడం లేదు. తెలుగు పోయినట్టేనా?

గంజాం కోడలు, బరంపురం

ముందే చెప్తున్నా, ఇది చిన్న విషయమే. కానీ మూడు వారాలుగా ఇంట్లో దీని మీదే రుసరుసలు. మా పాపకి మూడేళ్ళు నిండబోతున్నాయి. నన్ను ‘మా’ అంటుంది. “మా, ఇటు రా”, “మా, పాణి” (నీళ్ళు కూడా ఒడియాలోనే అడుగుతోంది లెండి). పక్కింటివాళ్ళు ఒడియావాళ్ళు, రోజులో సగం పూట అక్కడే ఉంటుంది, ఆ పిల్లలు వాళ్ళ అమ్మని మా అంటారు, ఇదీ అదే పట్టుకుంది. మిగతా తెలుగు బాగానే వస్తుంది. “బువ్వ వద్దు పో” లాంటివైతే మరీ స్పష్టంగా వస్తాయి.

మా అత్తగారికి ఇది ససేమిరా నచ్చడం లేదు. వీళ్ళది తరాలుగా బరంపురమే, పట్టు నేసిన ఇల్లు, ఇప్పుడు మగ్గం లేదు గానీ ఆ పట్టుదల మాత్రం ఉంది. “ఇన్నేళ్ళు ఒడియావాళ్ళ మధ్య బతికీ అమ్మ అనే మాట వదల్లేదు, నీ కూతురితో వదిలేలా ఉంది” అంటారు. నాది ఆంధ్రాలో శ్రీకాకుళం జిల్లా సోంపేట, పుట్టింట్లో నాకీ బెంగ తెలీదు. మొన్న ఆదివారం భోజనాల దగ్గర పాప “మా, అప్పడం” అంది. అత్తగారు అప్పడం చేతిలో పట్టుకుని “అమ్మా అను, ఇస్తాను” అన్నారు. పాప ఆవిడ వంక చూసింది, నా వంక చూసింది, మళ్ళీ ఆవిడ వైపే తిరిగి “అమ్మా” అంది. అప్పడం పుచ్చుకుని నా దగ్గరికొచ్చి, సగం విరిచి, “మా, ఇంద” అంది. మా ఆయన నవ్వాపుకోలేక చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయారు.

అడిగేది ఒకటే. అమ్మ అనే మాట పోతే తెలుగు పోయినట్టేనా, లేక అత్తగారి మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలెయ్యొచ్చా?

తెలుగోడు 1936

వదిలెయ్యొద్దు చెల్లెమ్మా. మీ అత్తగారికి దండం పెట్టాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి మనకి జరుగుతున్నది ఇదే. ముందు దుకాణాల బోర్డులు పోయాయి, తర్వాత బడి పోయింది. నేను ఐదో తరగతి వరకు తెలుగులో చదివిన బడిలో ఇప్పుడు తెలుగు చెప్పే మాస్టారే లేడు. ఇక మిగిలింది వంటిల్లు, అందులోకీ ‘మా’ వచ్చేసింది.

అమ్మ ఉత్త పిలుపు కాదు. దెబ్బ తగిలితే తెలుగువాడి నోట్లోంచి ముందు వచ్చేది “అమ్మా!” అనే. అది ఎవరూ నేర్పింది కాదు, రక్తంలో ఉంది. కొరియావాళ్ళు కూడా ఒమ్మా, అప్పా అంటారట, ఒకప్పుడు మన దక్షిణాది నుంచి ఓడల్లో వెళ్ళిన మాటలే అవి. ప్రపంచానికి మాటిచ్చిన మనం దాన్ని పక్కింటివాళ్ళకి వదిలేసి కూర్చుంటామా?

సిరోంచ చిన్నోడు

అన్నా, రక్తం సంగతి నాకు తెల్వదు గానీ నా బొటనవేలి సంగతి చెప్తా. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు, వంతెన దాటితే కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. చంద్రపూర్ హాస్టల్లో ఉన్నప్పుడు క్రికెట్ బంతి తగిలి బొటనవేలి గోరు లేచిపోయింది. నా నోట్లోంచి వచ్చింది “ఆయీ గం!” మరాఠీవాళ్ళు దెబ్బ తగిలితే అనే మాట. నేను పుట్టినప్పటి నుంచి ఇంట్లో ఎవర్నీ ఆయీ అనలేదు, అయినా అదే వచ్చింది, ఎందుకంటే చుట్టూ పదకొండు మంది అదే అంటారు. నొప్పికి పక్కనున్నవాళ్ళ భాషే వస్తుందన్నా.

ఇంకోటి. అసలు మేం అమ్మ అనం. మా వైపు అవ్వ, బాపు. అవ్వ అంటే కన్నతల్లి. మా మేనమామ కొడుక్కి రాజమండ్రి పిల్లని చేసుకున్నప్పుడు పెళ్ళివాళ్ళతో ఫోన్లో “మా అవ్వ రైలు దిగుతది, స్టేషన్‌కి ఎవరన్నా రాండ్రి” అన్నా. పాపం మంచివాళ్ళు, ఆటో పెట్టి, ఆటోలో దిండు పెట్టి, కుర్రాణ్ణి చెయ్యి పట్టుకుని దింపమని పంపించారు. దిగింది మా అవ్వ, నలభై రెండేళ్ళు, చేతిలో రెండు సూట్‌కేసులు, నెత్తి మీద ఒక మూట. ఆ కుర్రాడు ఇంకా ముసలావిడ కోసం పెట్టెలన్నీ వెతికాడట. మీకు అవ్వంటే ముసలామె కదా. ఇప్పుడు చెప్పండి, అమ్మ అనకపోతే తెలుగు కాదంటే మేమెవరం?

చిలికా చేప

కొరియా ఓడ సంగతి ఎవరైనా తేల్చండి బాబూ. మా చెల్లి రోజూ ఆ సీరియళ్ళు చూసి ఇదే వాగుతోంది.

పర్లాకిమిడి మాస్టారు

రిటైరయ్యాక నాకు వేరే పని లేదు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికున్నవాళ్ళు చదవండి.

ఓడలూ లేవు, వలసలూ లేవు. స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దులో బాస్క్ అని ఒక భాష ఉంది, చుట్టూ ఉన్న ఏ భాషతోనూ చుట్టరికం లేనిది. వాళ్ళు తల్లిని ‘అమ’ అంటారు. చైనాలో ‘మామా’, తూర్పు ఆఫ్రికా స్వాహిలీలో ‘మామా’, ఆండీస్ కొండల్లో కెచువా వాళ్ళకీ ‘మామా’, అరబ్బీలో ‘ఉమ్’. వీళ్ళందరికీ మనం ఓడలు పంపించామా? మర్డాక్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త ప్రపంచ భాషల్లోంచి అమ్మానాన్నల మాటలు 1072 పోగేశారు, తల్లివి 531, తండ్రివి 541. వాటిని తీసుకుని రోమన్ యాకబ్సన్ అనే భాషా పండితుడు ఒక వ్యాసం రాశారు, 1960లో అచ్చయింది. తల్లి మాటల్లో నూటికి 55 మ, న, ఙ లాంటి ముక్కుతో పలికే ధ్వనులతో ఉన్నాయి, తండ్రి మాటల్లో నూటికి 15 మాత్రమే. కారణం ఆయన చెప్పింది చాలా తేలిక. పాలు తాగుతున్న పిల్ల నోరు మూసుకుపోయి ఉంటుంది, అప్పుడు చెయ్యగలిగిన చప్పుడు ముక్కులోంచి వచ్చే “మ్...” ఒక్కటే. తర్వాత ఆకలేసినా, పాలు కనబడినా, పాలిచ్చే మనిషి కనబడినా అదే చప్పుడు. పిల్ల ఊరికే మూలుగుతుంది, అది నన్నే అని తల్లి మురుస్తుంది, అలా మాట తయారవుతుంది. మనం పిల్లలతో అన్నాన్ని ‘మమ్మం’ అంటామే, అదీ ఇక్కడిదే.

(ముక్కు ధ్వనితో తండ్రిని పిలిచే ఆ పదిహేను మందిలో మన నాన్న ఉన్నాడు. ఎప్పుడూ మైనారిటీయే పాపం.)

దీనికి తలకిందులవి కూడా ఉన్నాయి. జార్జియా దేశంలో ‘మామా’ అంటే తండ్రి, తల్లి ‘దెదా’. మనకి మామ అంటే మేనమామ. అంత దూరం ఎందుకు, మంగళూరు వైపు తుళులో ‘అప్పె’ అంటే తల్లి, ‘అమ్మె’ అంటే తండ్రి. మన ద్రావిడ భాషే అది! మా శ్రీకాకుళం వైపు అప్ప అంటే అక్క, కన్నడంవాళ్ళకి తండ్రి. ఇక అక్క సంగతి ఇంకా తమాషా. పాణిని “అంబార్థనద్యోర్హ్రస్వః” అని ఒక సూత్రం చేశాడు. అమ్మ అనే అర్థం ఉన్న మాటల్ని పిలిచేటప్పుడు చివరి అచ్చు పొట్టిదవుతుందని. వ్యాఖ్యాతలు ఇచ్చిన ఉదాహరణలు: హే అంబ, హే అక్క, హే అల్ల. అంటే సంస్కృతంలో ‘అక్కా’ అనే మాటకీ అర్థం తల్లే. అల్బేనియాలో దీన్ని తిరగేసినట్టు, మన మాతృ, ఇంగ్లీషు మదర్ కుటుంబంలోని మాటే ‘మోతర్’ అయి అక్కచెల్లెళ్ళకి వాడుకలో ఉంది.

కాబట్టి అమ్మ అందరి మాట. మనకే సొంతమైన మాట కావాలంటే ‘తల్లి’ ఉంది. అందులో ముక్కు ధ్వని లేదు, పసిపిల్ల నోటికి రాదు, పాత తమిళంలో ‘తళ్ళై’, మలయాళంలో ‘తళ్ళ’ దీని చుట్టాలే. మలయాళంలో పాపం అది ఇప్పుడు తిట్టులా అయిపోయింది, కోడికి మాత్రం గౌరవంగా మిగిలింది. కానీ ఒక్కటి గమనించండి, మనలో ఎవరైనా కన్నతల్లిని “తల్లీ, ఇలా రా” అని పిలుస్తారా? పిలవం. కూతుర్ని పిలుస్తాం. “రా తల్లీ”, “మా అమ్మే”, “ఏమ్మా తిన్నావా”. అమ్మ మాటని పిల్లకీ, కూరగాయలావిడకీ, బస్సులో పక్క సీటావిడకీ పంచిపెట్టేశాం. ఒడియావాళ్ళూ అంతే, కూతుర్ని “మా” అని పిలవడం మీరూ వినే ఉంటారు. మీ బరంపురం ఠాకురాణి యాత్రే చూడండి, ఊరంతా అమ్మా అని మొక్కే తల్లి ఆ రోజుల్లో తెలుగు నేతవాళ్ళ పెద్ద దేశిబెహరా ఇంటికి, పుట్టింటికొచ్చిన ఆడపిల్లగా వస్తుంది.

మా ఊళ్ళోనే ఉండి గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకున్నారు, 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో నిఘంటువు వచ్చాయి. సవరలు తల్లిని ‘యాంగ్’ అన్నట్టుగా పిలుస్తారు. ఆయన జీవితమంతా చెప్పింది ఒకటే, జనం నోట్లో ఉన్నదే భాష అని. పాప నోట్లో ‘మా’ ఉంది. ఉండనివ్వండి.

తెలుగోడు 1936

మాస్టారూ, కొరియా మాట వెనక్కి తీసుకుంటున్నా, ఒప్పుకోవాలి కదా. కానీ గిడుగువారిని మీ వైపు లాక్కోవద్దు. పర్లాకిమిడి ఒరిస్సాలో కలుస్తోందని తెలిసి అదే 1936లో ఆయన ఇన్నేళ్ళు బతికిన ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు, డెబ్భై దాటిన వయసులో. ‘ఉండనివ్వండి’ అనుకున్న మనిషి చేసే పనేనా అది? సవరకి నిఘంటువు రాసిన మనిషికే తన భాష బడి లేని చోట ఉండబుద్ధి కాలేదు. నేను పాపని తప్పు పట్టడం లేదు. ఒక్కో మాటా “చిన్నదే కదా” అనుకుంటూనే పోతుంది అంటున్నా.

పర్లాకిమిడి మాస్టారు

ఇది నిజం. దీనికి నా దగ్గర జవాబు లేదు.

రాయగడ నర్సు

నైట్ డ్యూటీలో చదువుతున్నా, చిన్నపిల్లల వార్డు. మాస్టారు చెప్పింది రోజూ నా కళ్ళ ముందు జరుగుతుంది. మాకు తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, కొండల మీది కువి మాట్లాడేవాళ్ళు అందరూ వస్తారు. ఆరేడు నెలల పిల్లలు అందరూ ఒకటే గోల, మమమమ, బబబబ, దదదద. మమమమ అనగానే తెలుగు తల్లి “అమ్మా అంటోంది సిస్టర్!” అంటుంది, ఒడియా తల్లి “మా డాకుఛి” అంటుంది, అంటే మా అని పిలుస్తోందని. బబబబ అంటే ఒడియా తండ్రి “బాపా అన్నాడు” అని ఊగిపోతాడు, మన శ్రీకాకుళం వైపు తండ్రి “బాబు అన్నాడు” అంటాడు, ఎందుకంటే వాళ్ళింట్లో నాన్నని బాబు అనే పిలుస్తారు. పిల్లకి ఈ గొడవేమీ తెలీదు, పెదాలు తెరిచి మూస్తోంది అంతే. పిల్ల కూసిన కూతకి పేరు పెట్టేది పెద్దవాళ్ళే.

కోడలు గారూ, నాదొక ప్రశ్న, నవ్వొద్దు. మీ ఇంట్లో “అమ్మా” అని గట్టిగా పిలుపు వినబడితే పలికేది ఎవరు? రేపు ఒక్క రోజు లెక్కపెట్టి చూడండి.

జయపురం జాబిలి

అందరూ అమ్మ చుట్టూనే తిరుగుతున్నారు, నాకు కోపం వస్తోంది. పోతున్నది అమ్మ కాదు, పెద్దమ్మ!

మా కొరాపుట్ జిల్లాలో నేను చూస్తున్నది చెప్తా. ఒడియాలో అమ్మ అక్కచెల్లెలు మాఉసీ, నాన్న తమ్ముడి భార్య ఖుడీ, నాన్న అన్న భార్య బడమా, నాన్న అక్కచెల్లెలు పిఉసీ, మేనమామ భార్య మాయిఁ. ఐదుగురికి ఐదు మాటలు, వాళ్ళ లెక్క వాళ్ళకి బాగుంది. మన లెక్క వేరు. అమ్మ అక్క అయినా, నాన్న అన్న భార్య అయినా పెద్దమ్మే, చిన్నవాళ్ళైతే ఇద్దరూ పిన్నే. వీళ్ళంతా అమ్మ వరస. నాన్న అక్కచెల్లెలు అయినా, మేనమామ భార్య అయినా అత్తే. ఆ వరస వేరు. ఆ రెండు వరసల మధ్య గీత మీదే మన ఇల్లంతా నిలబడి ఉంది. పెద్దమ్మ కొడుకు అన్న, అత్త కొడుకు బావ. పిల్లకి మాఉసీ, ఆంటీ అని నేర్పితే ఆ గీత చెరిగిపోతుంది. అప్పుడు నోటి నిండా అమ్మా అని పిలిచినా ఏం లాభం?

పోయిన రాఖీ పండక్కి మా ఇంట్లో జరిగింది వినండి. మా ఐదేళ్ళది బళ్ళో రాఖీలు చేసి తెచ్చింది, పసుపు ఉన్నితో, మధ్యలో ఒక చెంకీ. ఇంటికొచ్చిన మా ఆడపడుచు కొడుక్కి, ఏడేళ్ళవాడికి, “భాయీ, హాత” అని చెయ్యి చాపించి కట్టేసింది. ఒడియా లెక్కలో తప్పేమీ లేదు, వాళ్ళకి మేనత్త కొడుకూ అన్నయ్యే. మా అత్తగారు వంటింట్లోంచి పోపు గరిటెతో పరిగెత్తుకొచ్చి “బావకి రాఖీ ఏంటే!” అని కేకేశారు. వాడు ఏడుపు, ఇది ఏడుపు, పోపు మాడిపోయింది. ఆ రాఖీ విప్పించడానికి వాడికి యాభై రూపాయల చాక్లెట్ కొనాల్సొచ్చింది.

చిలికా చేప

వరస పోతే మంచిదే కదా, ఈ కాలంలో ఎవరికండీ మేనరికాలు.

రాయగడ నర్సు

మేనరికాలు వద్దు, ఆ మాట వార్డులో ఉన్నదాన్ని నేను రోజూ చెప్తూనే ఉంటా. కానీ బావని పెళ్ళి చేసుకోకుండా కూడా బావా అని పిలవచ్చు. మా బావ మీద నేను వేసినన్ని జోకులు అన్న మీద వెయ్యగలనా?

సిరోంచ చిన్నోడు

జాబిలక్క చెప్పింది నాకు ఎక్కింది. మరాఠీలో అమ్మ చెల్లెలు మావ్‌శీ, నాన్న చెల్లెలు ఆత్యా, బాబాయి భార్య కాకూ. మా ఇంట్లో అవ్వ ఆయి అయినా నాకు నొప్పి లేదు గానీ, మా చిన్నమ్మని పిల్లలు మావ్‌శీ అనడం మొదలుపెట్టారు, ఆమె పలకట్లేదు. “నేను మీ అవ్వకి చెల్లెనైతే మీకు చిన్నవ్వనే” అని మొండికేసింది. ఇప్పుడు పలికించుకోవాలంటే చిన్నవ్వా అనాల్సిందే.

తెలుగోడు 1936

మీ చిన్నవ్వకి నా దండాలు చెప్పు తమ్ముడూ. ఇలాంటివాళ్ళు ఊరికి ఇద్దరుంటే నేనిక్కడ రాసే పనే ఉండదు.

గంజాం కోడలు, బరంపురం

రెండ్రోజులు రాలేదు, పాపకి జలుబు. అందరికీ థాంక్స్.

నర్సుగారూ, లెక్కపెట్టాను. ఫ్రిజ్ మీద పాలవాడి క్యాలెండర్ ఉంటే దాని మీద గీతలు గీశాను. పొద్దున్న ఆరున్నరకి మా ఆయన “అమ్మా, టీ” అన్నారు. మరిది “అమ్మా, బండి తాళాలు”. పనావిడ గుమ్మంలోంచి “అమ్మా, బట్టలు”. విశాఖపట్నం నుంచి ఆడపడుచు ఫోను, స్పీకర్లో పెట్టి, “అమ్మా, అమ్మా, వినబడుతోందా”. వీధిలో పూలామె కూడా లోపలికి చూసి అమ్మా అనే కేకేస్తుంది. మధ్యాహ్నానికే పద్దెనిమిది గీతలు వచ్చాయి, పద్దెనిమిదికీ పలికింది మా అత్తగారే. నన్ను అందరూ పేరు పెట్టే పిలుస్తారు, అమ్మా అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మా పాప లెక్కలో అమ్మ అంటే నాయనమ్మ పేరు! అప్పడం రోజు అది మాట వినలేదని కదా అనుకున్నాం, అది సరిగ్గా అప్పడం చేతిలో ఉన్న మనిషినే పేరు పెట్టి అడిగింది.

రాత్రి భోజనాల దగ్గర క్యాలెండర్ చూపించాను. మా ఆయనకి పండగ. “సరే అమ్మా, నిన్ను నాయనమ్మా అని పిలిపిద్దాం, అప్పుడు అమ్మ మాట ఖాళీ అవుతుంది, దీనికి ఇచ్చేద్దాం” అన్నారు నన్ను చూపించి. అత్తగారు కంచాలు తీస్తూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అటు తిరిగే “నాయనమ్మా ఏంటి, ముసల్దాన్నా? పిల్లకి అలవాటైన పిలుపు మార్చకూడదు, బెంగ పెట్టుకుంటుంది” అన్నారు.

ఆ తర్వాత ‘మా’ మీద గొడవ లేదు. అప్పడాలు కూడా అడక్కుండానే వస్తున్నాయి. జాబిలిగారి మాట విని మా అక్కని మాఉసీ అనకుండా పెద్దమ్మా అనడం నేర్పుతున్నాను, ‘పెద్మా’ వరకు వచ్చింది.